థాయ్ మ్యారేజ్ వీసా: 4 లక్షల బాత్‌కి రెండు నెలలు నిండేలోపే గడువు అయిపోతోంది, మధ్యలో నాన్న ఆపరేషన్. ఏం చేయాలి?

రాజమండ్రి_ఖోన్‌కేన్
మే 5

అందరికీ నమస్కారం అండి. కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి. నాలుగు రోజులుగా సరిగ్గా నిద్ర లేదు.

మాది రాజమండ్రి. నా భార్య థాయ్ అమ్మాయి, వాళ్ళది ఈసాన్ వైపు, అంటే ఈశాన్య థాయ్‌లాండ్‌లో, ఖోన్ కేన్ దగ్గర ఒక పల్లె. ఇద్దరం హైదరాబాద్‌లో ఒకే ఆఫీసులో చేసేవాళ్ళం, 2023లో అక్కడే స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద పెళ్ళి రిజిస్టర్ చేసుకున్నాం. మామగారు పోయాక అత్తగారు ఒక్కరే ఉంటున్నారని, నేను ఉద్యోగం మానేసి మరీ ఈ ఏడాది ఇక్కడికి వచ్చేశాం. థాయ్ భార్య ఉందని ఇచ్చే నాన్ ఇమిగ్రెంట్ ఓ వీసా, సింగిల్ ఎంట్రీ, అంటే ఒక్కసారి రావడానికే. మార్చి 10న దిగాను, జూన్ 7 వరకు ఉండొచ్చని స్టాంపు వేశారు.

ఆ లోపు ఏడాది ఎక్స్‌టెన్షన్‌కి అప్లై చేయాలి. దానికి నా పేరు మీద థాయ్ బ్యాంకులో 4 లక్షల బాత్ రెండు నెలలు కదలకుండా ఉండాలని తెలుసు. వచ్చిన వారంలోనే ఖాతా తెరుద్దామనుకున్నాను. ఒక బ్రాంచిలో ఇమ్మిగ్రేషన్ నుంచి నివాస పత్రం తెమ్మన్నారు, ఇంకో బ్రాంచిలో మేనేజర్ సెలవన్నారు, ఇంతలో సోంగ్‌క్రాన్, అంటే థాయ్ కొత్త సంవత్సరం సెలవులు వచ్చాయి. చివరికి డబ్బు ఖాతాలో పడింది ఏప్రిల్ 22న. అంటే రెండు నెలలు నిండేది జూన్ 22కి. గడువేమో జూన్ 7. పదిహేను రోజులు తక్కువ!

ఇది చాలదన్నట్టు నాన్నకి జూన్ 16న కాకినాడలో మోకాలి ఆపరేషన్. నేను ఒక్కడినే కొడుకుని, అక్క దుబాయ్‌లో ఉంది. కనీసం నెల రోజులైనా నేను అక్కడ ఉండాలి. వెళ్తే ఈ వీసా పోతుందా? పోతే మళ్ళీ మొదటి నుంచీ రావాలా?

ఇంకో అనుమానం. ఎక్కడ చూసినా కొ రొ 2, కొ రొ 3 అనే థాయ్ పెళ్ళి రిజిస్ట్రేషన్ కాగితాలు కావాలని రాస్తున్నారు. మా పెళ్ళి ఇండియాలో అయింది కాబట్టి ఇక్కడి ఆంఫోలో, అంటే జిల్లా ఆఫీసులో, కొ రొ 22 ఇచ్చారు. అది ఒక్కటి సరిపోతుందా?

ఒక ఏజెంటు మాత్రం, డబ్బు సంగతి నేను చూసుకుంటాను, పాస్‌పోర్ట్ ఇచ్చేసి ఇంట్లో కూర్చో అంటున్నాడు. నా భార్యకి అది అస్సలు ఇష్టం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.


బ్యాంకాక్_వరంగల్
మే 5

అన్నా, ముందు టెన్షన్ తగ్గించుకో. నీ పరిస్థితికి దారి ఉంది, అదీ సక్రమమైన దారే.

ఏడాది ఎక్స్‌టెన్షన్ గురించే అందరూ మాట్లాడతారు కానీ, థాయ్ భార్యని చూడటానికి వచ్చినవాళ్ళకి 60 రోజుల ఎక్స్‌టెన్షన్ అని వేరే ఉంది. దానికి బ్యాంకులో డబ్బు చూపించక్కర్లేదు. టీఎం 7 ఫారం, ఫొటో, నీ పాస్‌పోర్ట్, పెళ్ళి కాగితం, వదిన ఐడీ కార్డు, తబియెన్ బాన్ అంటే వాళ్ళ ఇంటి రిజిస్టర్ పుస్తకం, 1,900 బాత్ ఫీజు, వదిన పక్కన ఉండాలి. అంతే. జూన్ 7 నుంచి 60 రోజులంటే ఆగస్టు 6 వరకు వస్తుంది. ఆ లోపు నీ డబ్బుకి రెండు నెలలు ఎప్పుడో నిండిపోతాయి. నేనూ 2019లో ఇలాగే చేశాను, నాకు తొమ్మిది రోజులు తక్కువైంది.

ఊరికి వెళ్ళే సంగతి. రీ ఎంట్రీ పర్మిట్ లేకుండా దేశం దాటావంటే నీ స్టాంపు అక్కడితో సరి. కాబట్టి 60 రోజులది వేయించుకున్న రోజే, అదే ఆఫీసులో టీఎం 8 ఫారం నింపి సింగిల్ రీ ఎంట్రీ తీసుకో, 1,000 బాత్. మల్టిపుల్ 3,800, అది నీకు ఇప్పుడు అవసరం లేదు. మర్చిపోతే బ్యాంకాక్ సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో కూడా పాస్‌పోర్ట్ చెకింగ్ కంటే ముందు ఒక కౌంటర్ ఉంటుంది, కానీ ఫ్లైట్ టైంకి ఆ పరుగులు వద్దు, ముందే చేయించుకో.

ఈ వరస తప్పకూడదు: ముందు ఎక్స్‌టెన్షన్, తర్వాత రీ ఎంట్రీ. ఇప్పుడే రీ ఎంట్రీ తీసుకుంటే అది జూన్ 7తో అయిపోతుంది, తర్వాత అక్కరకు రాదు.

జూన్ 10 ప్రాంతంలో వెళ్ళి జూలై 12కల్లా వచ్చేస్తే, నాన్నగారి దగ్గర నెల ఉన్నట్టూ అవుతుంది, ఇక్కడ ఏడాది అప్లికేషన్‌కి మూడు వారాల పైనే టైమూ ఉంటుంది. గడువుకి ముందు 30 రోజుల్లో ఎప్పుడైనా ఇవ్వొచ్చు. ముందే ఇచ్చినా నష్టం లేదు, ఏడాది లెక్క ఆగస్టు 6 నుంచే మొదలవుతుంది.

90 రోజుల రిపోర్ట్, అంటే 90 రోజులకోసారి ఎక్కడ ఉంటున్నామో ఇమ్మిగ్రేషన్‌కి తెలియజేయడం, దాని గురించి నువ్వు అడగలేదు కానీ చెప్తున్నా. నీ 90 రోజులు కూడా జూన్ 7కే పడుతున్నాయి. గడువుకి 15 రోజుల ముందు నుంచి, గడువు దాటాక 7 రోజుల దాకా చేసుకోవచ్చు కాబట్టి 10న వెళ్ళిపోతే ఇబ్బంది లేదు. తిరిగొచ్చిన రోజు నుంచి మళ్ళీ కొత్తగా లెక్క. మర్చిపోతే 2,000 బాత్ ఫైన్.


కోరాట్_మాస్టారు
మే 6

తమ్ముడూ, పైన చెప్పింది నూటికి నూరు పాళ్ళు సరైనది. నేను తొమ్మిదేళ్ళుగా ఇదే వీసా మీద ఉన్నాను, ఇక్కడ స్కూల్లో లెక్కలు చెప్తాను. కొన్ని చిన్న విషయాలు కలుపుతాను, ఎందుకంటే పెద్ద నియమాలు అందరూ పాటిస్తారు, దెబ్బ తినేది చిన్నవాటి దగ్గరే.

మొదటిది డబ్బు. నీ ఖాతాలో సరిగ్గా 4,00,000 ఉందా, లేక కొంచెం ఎక్కువ ఉందా? సరిగ్గా అంతే ఉంటే రేపే వెళ్ళి ఇంకో పది వేలు వెయ్యి. నా రెండో ఏడాది ఏటీఎం కార్డు వార్షిక ఫీజని బ్యాంకు వాళ్ళు కొంత కోశారు, నేను చూసుకోలేదు. ఒక్క రాత్రి బ్యాలెన్స్ 4 లక్షల కిందికి దిగింది. మర్నాడు నా జీతం పడి మళ్ళీ పైకి వచ్చింది కానీ, ఆఫీసర్ పాస్‌బుక్‌లో ఆ ఒక్క లైను మీద వేలు పెట్టి చూపించింది. రెండు నెలల లెక్క మళ్ళీ మొదటి నుంచీ. ఆ ఏడాది నేనూ ఆ 60 రోజుల దారే పట్టాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ ఖాతాకి కార్డే లేదు. ఖర్చులకి వేరే ఖాతా, వీసాకి వేరే ఖాతా. నువ్వూ అలాగే పెట్టుకో.

ఖాతా నీ ఒక్కడి పేరు మీదే ఉండాలి. ప్రేమకొద్దీ జాయింట్ ఖాతా పెట్టుకోకు.

అప్లై చేసే రోజు పొద్దున్నే బ్యాంకుకి వెళ్ళి నూరో యాభయ్యో వేసి పాస్‌బుక్ అప్‌డేట్ చేయించు, అదే రోజు తేదీతో బ్యాంకు లెటర్ తీసుకో. నువ్వు నెల రోజులు ఊళ్ళో ఉంటావు కాబట్టి పాస్‌బుక్‌లో ఎంట్రీలు ఉండవు, తాజా లైను ఒకటి పడితేనే ఆ డబ్బు ఇప్పటికీ ఉందని తెలుస్తుంది.

కొ రొ 22 సంగతి. సరిపోతుంది. కొ రొ 2, 3 ఇక్కడ పెళ్ళి రిజిస్టర్ చేసుకున్నవాళ్ళకి. బయట దేశంలో అయినవాళ్ళకి ఆ రెండింటి స్థానంలో 22. కానీ అప్లై చేసే ముందు ఆంఫోకి వెళ్ళి తాజా తేదీతో కాపీ తీసుకో. మీరిద్దరూ ఇప్పటికీ భార్యాభర్తలే అనడానికి అది ఆధారం, పాత కాపీ చాలా చోట్ల ఒప్పుకోరు. హైదరాబాద్ మ్యారేజ్ సర్టిఫికెట్ అసలు కూడా దగ్గర పెట్టుకో.

ఇంకొకటి, ఇది మన తెలుగువాళ్ళ కష్టం. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు, పేరు, దాని వెనక తోక, అన్నీ కలిపి ఒక గజం ఉంటుంది. థాయ్ లిపిలోకి మార్చేటప్పుడు ఒక్కో అనువాదకుడు ఒక్కోలా రాస్తాడు. నా పేరు పెళ్ళి కాగితంలో ఒక రకంగా, విదేశీయులకి ఇచ్చే పసుపు రంగు తబియెన్ బాన్‌లో ఇంకో రకంగా పడింది. ఇద్దరు వేర్వేరు మనుషులా అని అడిగారు. సరిచేయించడానికి మూడుసార్లు తిరిగాను, నా భార్య మూడు రోజులు సెలవు పెట్టింది. నీ కొ రొ 22 మీద థాయ్‌లో నీ పేరు ఎలా ఉందో దాన్ని ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకో. ఇక జీవితాంతం ఎక్కడ రాయించినా ఆ అక్షరాలే చూపించు.

ఏజెంటు గురించి కాస్త గట్టిగానే చెప్తాను. వాళ్ళు చేసేది నాలుగు రోజులకి నీ ఖాతాలో ఎవరిదో డబ్బు వేసి, తప్పుడు కాగితాలతో స్టాంపు వేయించడం. స్టాంపు నిజమైనదే కావచ్చు, కానీ దాని కింద ఉన్న అప్లికేషన్ అబద్ధం. రేపు తనిఖీలో బయటపడితే నీ పేరు మీద, నీ భార్య సంతకం మీద పడుతుంది. వద్దన్న ఆ అమ్మాయి మాట విను. అయినా నీ దగ్గర డబ్బు ఉంది, పెళ్ళి నిజం, ఇల్లు నిజం. పదిహేను రోజుల తేడాకి ఆ దారి ఎందుకు?


గుంటూరు_చియాంగ్‌మై
మే 6

నమస్తే అండి. నేను అమ్మాయిని, మా ఆయన థాయ్. ఈ థ్రెడ్ చదివే ఆడపిల్లలు 4 లక్షల బాత్ అనగానే భయపడిపోతారేమోనని రాస్తున్నా. ఆ డబ్బు నిబంధన థాయ్ అమ్మాయిని చేసుకున్న విదేశీ భర్తకి మాత్రమే. థాయ్ అబ్బాయిని చేసుకున్న విదేశీ భార్య డబ్బు చూపించక్కర్లేదు. మిగతా కాగితాలన్నీ ఒకటే. ఇది తెలియక నేను మొదటి ఏడాది మా నాన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ తెంపించి డబ్బు తెప్పించాను. అనవసరంగా ఆయన్ని కష్టపెట్టానని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

రాజమండ్రి అన్నయ్యా, ఏడాది అప్లికేషన్‌కి ఫొటోలు అడుగుతారు, అవి ముందే తీసి పెట్టుకోండి. మీ ఇద్దరూ ఇంటి నంబరు కనపడేలా గేటు దగ్గర నిలబడి, తర్వాత హాల్లో, వంటింట్లో, పడకగదిలో. పడకగది ఫొటో అడిగినప్పుడు నాకు మొదట చాలా ఇబ్బందిగా అనిపించింది, కానీ దుప్పటి పరిచిన మంచం పక్కన ఇద్దరం నిలబడి తీసుకున్నాం, అంతే చాలు. అత్తగారు కూడా ఉన్న ఫొటో ఒకటి పెట్టండి. కలిసి కాపురం చేస్తున్నారా లేదా అన్నదే వాళ్ళు చూసేది. ఇంటికి దారి గీసిన మ్యాపు కూడా కావాలి.

అప్లికేషన్ ఇచ్చాక వెంటనే ఏడాది ఇవ్వరు. పరిశీలనలో ఉందని 30 రోజుల స్టాంపు వేస్తారు, ఆ తేదీకి మళ్ళీ వెళ్తే అప్పుడు ఏడాది. ఆ మధ్యలో ఇంటికి వచ్చి చూడొచ్చు. మా ఇంటికి ఇద్దరు వచ్చారు, పక్కింటి పిన్నిగారిని పిలిచి మా గురించి అడిగారు, మర్యాదగానే మాట్లాడారు. ఆ నెలలో అత్యవసరమైతే తప్ప ఊరు కదలకండి. మీరు ముందు ఆపరేషన్‌కి వెళ్ళొచ్చి, ఆ తర్వాత అప్లై చేయడమే మంచిది.

టీఎం 30 సంగతి చూసుకున్నారా? ఇల్లు అత్తగారి పేరు మీద ఉంటే, విదేశీయుడు మా ఇంట్లో ఉంటున్నాడని ఆవిడ 24 గంటల్లోపు తెలియజేయాలి. ఆన్‌లైన్‌లో మీ ఆవిడే చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. రీ ఎంట్రీ మీద అదే ఇంటికి తిరిగొస్తే మళ్ళీ అక్కర్లేదని కొందరంటారు, మాకు మాత్రం మళ్ళీ అడిగారు. ఐదు నిమిషాల పని, తిరిగొచ్చిన రాత్రే చేసేయండి.

నాన్నగారికి ఆపరేషన్ బాగా జరగాలని కోరుకుంటున్నా.


రాజమండ్రి_ఖోన్‌కేన్
మే 7

చదువుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయండి, నిజంగా. రాత్రి నా భార్యకి ఒక్కో వాక్యం అనువదించి చెప్పాను. ఏజెంటుకి తనే ఫోన్ చేసి వద్దని చెప్పేసింది.

ఖాతాలో సరిగ్గా 4,00,000 మాత్రమే ఉంది! ఇవాళ పొద్దున్నే పదిహేను వేలు వేసి వచ్చాను. ఏటీఎం కార్డు కూడా రద్దు చేయమన్నాను. మాస్టారూ, మీకు చాలా రుణపడి ఉన్నాను.

ఇంకో రెండు ప్రశ్నలు. తిరిగి వచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో ఏమైనా చూసుకోవాలా? ఏడాది వచ్చాక ఆ 4 లక్షలు వాడుకోవచ్చా? మిగిలిన పొదుపు పెద్దగా లేదు, ఏదో ఒక పని కూడా వెతుక్కోవాలి.


బ్యాంకాక్_వరంగల్
మే 7

అన్నా, ఎయిర్‌పోర్టులో జాగ్రత్త చాలా అవసరం. 2023 చివర్లో మన పాస్‌పోర్ట్‌కి వీసా లేకుండా కూడా రానివ్వడం మొదలుపెట్టారు కదా, అలవాటులో వాళ్ళు ఆ స్టాంపే వేసేస్తారు. నాకు ఒకసారి అలా పడింది. అక్కడే పక్కకి జరిగి చూసుకున్నాను కాబట్టి వెంటనే కౌంటర్‌కి తిరిగి వెళ్ళి మార్పించుకున్నాను, లేకపోతే ఎక్స్‌టెన్షన్ మొత్తం ఎగిరిపోయేది. కాబట్టి రీ ఎంట్రీ స్టాంపు ఉన్న పేజీ తెరిచి చేతికివ్వు, నోటితో కూడా చెప్పు. తిరిగి ఇచ్చాక తేదీ చూడు, ఆగస్టు 6 ఉండాలి. అది చూసేదాకా కౌంటర్ దగ్గర నుంచి కదలకు. 2025 మే నుంచి పాత కాగితం కార్డు తీసేసి డిజిటల్ అరైవల్ కార్డు పెట్టారు, దిగడానికి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో నింపొచ్చు, ఫీజు లేదు. డబ్బు అడిగే వెబ్‌సైట్ కనపడితే అది అసలుది కాదు.

హైదరాబాద్‌లో చెక్ ఇన్ దగ్గర రిటర్న్ టికెట్ ఏదని అడుగుతారు. రీ ఎంట్రీ పేజీ, ఎక్స్‌టెన్షన్ పేజీ చూపించు. ఒకసారి అక్కడి అమ్మాయికి అది ఏమిటో తెలియక సూపర్‌వైజర్‌ని పిలిచే దాకా ఇరవై నిమిషాలు నిలబెట్టారు. కాస్త ముందే వెళ్ళు.


కోరాట్_మాస్టారు
మే 8

డబ్బు గురించి. 50 ఏళ్ళు దాటినవాళ్ళ రిటైర్‌మెంట్ ఎక్స్‌టెన్షన్‌కి 8 లక్షలు, స్టాంపు పడ్డాక కూడా మూడు నెలలు ముట్టుకోకూడదు. మ్యారేజ్ మీద అంత బిగింపు లేదు. కానీ పరిశీలన 30 రోజులు పూర్తయి ఏడాది స్టాంపు చేతికి వచ్చేదాకా తాకకు. ఆ తర్వాత వాడుకోవచ్చు, మళ్ళీ వచ్చే ఏడాది అప్లికేషన్‌కి రెండు నెలల ముందు నిండుగా ఉండాలి. నా మాట వింటే అసలు తియ్యొద్దు. తీసిన డబ్బు ఏప్రిల్, మే కల్లా తిరిగి పెట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు, రెండేళ్ళు ఆ బాధ పడ్డాను.

పని సంగతి. ఈ వీసా మీద వర్క్ పర్మిట్ తీసుకోవచ్చు, భర్త వీసా మీద ఉన్నామని ఉద్యోగం చేయకూడదని ఏమీ లేదు. కానీ పర్మిట్ లేకుండా మాత్రం చేయకు, అత్తగారి కొట్లో కూర్చుని సరుకులు అమ్మినా అది పనే అంటారు. జీతం నెలకి 40,000 బాత్ దాటితే, పన్ను కాగితాలతో సహా అదే ఆదాయ రుజువుగా చూపించొచ్చు, అప్పుడు 4 లక్షల గొడవే ఉండదు. నేను అయిదో ఏడాది నుంచి అలాగే చేస్తున్నాను.

ఒక ఏడాదిలో 180 రోజులు ఇక్కడ ఉంటే పన్ను లెక్కలో నువ్వు ఇక్కడి మనిషివి. 2024 నుంచి బయటి దేశంలో సంపాదించి ఇక్కడికి తెచ్చిన డబ్బు మీద కూడా పన్ను లెక్క వేస్తున్నారు, అంతకుముందు సంపాదించిన పొదుపు దానిలోకి రాదు. నువ్వు తెచ్చిన డబ్బు ఏ ఏడాది సంపాదనో చూపించే బ్యాంకు స్టేట్‌మెంట్లు తీసి దాచుకో. ఇండియాలో మామూలు సేవింగ్స్ ఖాతా అలాగే ఉంటే ఎన్ఆర్ఓ, అంటే విదేశాల్లో ఉండేవాళ్ళ ఖాతా కింద మార్పించుకోవాలి, ఊరికి వెళ్ళినప్పుడు ఆ పనీ చూసుకో.

చివరగా ఒక మాట, వయసులో పెద్దవాణ్ణి కాబట్టి చెప్తున్నా. ఈ వీసాకి ప్రతిసారీ మన పక్కన కూర్చోవాల్సింది, సంతకాలు పెట్టాల్సింది, ఆఫీసర్ అడిగినదానికి థాయ్‌లో జవాబు చెప్పాల్సింది మన భార్యలే. ఆ అమ్మాయి ఎన్ని సెలవులు పెట్టాలో ముందే క్యాలెండర్‌లో ఇద్దరూ కూర్చుని రాసుకోండి. 60 రోజులదానికి ఒక రోజు, ఏడాది అప్లికేషన్‌కి ఒకటి, ఆంఫోకి ఒకటి, ఇంటికి తనిఖీకి వస్తే ఒకటి. నేను మొదటి మూడేళ్ళు హఠాత్తుగా రేపు రావాలి అనేవాణ్ణి, ఆవిడ ఉద్యోగం పోయేంత పని అయింది.


రాజమండ్రి_ఖోన్‌కేన్
మే 29

అప్‌డేట్ ఇద్దామని రాస్తున్నాను. నిన్న ఇద్దరం వెళ్ళాం. పొద్దున ఎనిమిదిన్నరకి టోకెన్ తీసుకున్నాం, పదకొండు కల్లా 60 రోజుల స్టాంపు పడింది, ఆగస్టు 6 వరకు. మధ్యాహ్నం భోజనం విరామం అయ్యాక రీ ఎంట్రీ కూడా ఇచ్చేశారు. కొ రొ 22 చూసి ఆఫీసర్ ఒక్క ప్రశ్నే వేసింది, పెళ్ళి హైదరాబాద్‌లో ఎందుకు చేసుకున్నారని. నా భార్య చెప్పిన జవాబుకి ఆవిడ నవ్వింది, ఏం చెప్పావని ఎంత అడిగినా నాకు చెప్పడం లేదు.

నా పేరు థాయ్ అక్షరాల్లో రాసి ఉన్న కాగితం ఫొటో తీసుకున్నాను. చూస్తే కొ రొ 22లో, అత్తగారింట్లో నింపిన టీఎం 30లో ఒక అక్షరం తేడా ఉంది! టీఎం 30 మళ్ళీ సరిగ్గా నింపాం.

జూన్ 10న బయల్దేరుతున్నాను. సెలవు లేక నా భార్య రావడం లేదు, ఏడాది అప్లికేషన్‌కి ఆ రోజులు దాచుకుంటోంది. నాన్నకి ఫోన్ చేసి వస్తున్నానని చెప్పాను. కోడలు రావడం లేదా అని అడిగారు. డిసెంబరులో ఇద్దరం కలిసి వస్తామన్నాను.